లోపలి గీత

“పిల్లలాటలే గదా, గంట పని” అన్నాడు మహీధర్, తిన్న పళ్లెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

ఆ గంట పనిలో భావన అప్పటికి నాలుగు రోజులుగా తలమునకలై ఉంది. శనివారంతో అక్షయకు తొమ్మిదేళ్లు నిండుతాయి. బెలూన్లు వద్దు, పాటల డబ్బా వద్దు, “ఆటల బర్త్‌డే కావాలె మమ్మీ, ఇంటెనక పెట్టుకుందాం, స్పోర్ట్స్ డే లెక్క” అని పిల్ల పట్టుబట్టింది. మరిపెడలో ఆ ఇంటి పెరడు పెద్దదే. బోరింగు దాకా పోయి చుట్టూ తిరిగి రావచ్చు. సరే పెట్టుకుందాం అని మాట ఇచ్చినంత సేపు పట్టలేదు, ఆ మాట వెనక పని కుప్పలా పడటానికి.

గోనెసంచి పరుగుకు సంచులు కావాలంటే, “దుకాన్ల ఖాళీ సంచులు పడున్నయి, తెచ్చుకో” అన్నాడు మహీధర్. ఆయనది ఎరువుల దుకాణం. ఎరువు సంచుల్లో పిల్లలు కాళ్లు పెడితే దురదలు లేవవూ? ఆరు సంచులు మూడు నీళ్లలో పిండి, తిరగేసి, దండెం మీద ఆరేసింది. బోరింగు గద్దె అంచుకు ఎవరి మోకాలైనా తగిలితే? దానికి పాత బొంత చుట్టింది. నిమ్మకాయ-చెంచా పందానికి చెంచాలన్నీ ఒకే లోతు ఉండాలి, లేకపోతే ఏడుపులు. తాడు లాగుడులో చిన్నపిల్లలు పడిపోతే? పాటాగితే కుర్చీలో కూర్చునే ఆటలో ఆ లాయర్ గారి పిల్ల ఓడితే ఊరుకోదే! ఇవన్నీ తలలో తిరుగుతూండగానే పొద్దున టిఫిను, పిల్ల జడలు, అత్తగారి మందు గోలీలు, దుకాణానికి క్యారేజీ. రాసుకున్న కాగితం పోపుల డబ్బా కింద పెట్టి, కూర కలిపినప్పుడల్లా తీసి ఒక మాట చేర్చేది. పన్నెండు మంది పిల్లలనుకున్న పిలుపు కాస్తా బుధవారానికి నలభై మంది పెద్దలైంది. మహీధర్‌కు పార్టీలో మండల పదవి మీద కన్ను పడింది మరి. కూతురి పుట్టినరోజు కంటే మంచి మోకా ఎక్కడ దొరుకుతుంది?

గురువారం సాయంత్రం ఆయన ఆ కాగితం తీసి చూశాడు. భార్య రాసింది చదవడం పెళ్లయినాక అదే మొదటిసారేమో.

“అంత మంచిగనే ఉన్నది గని, సోమనర్సయ్య మామ మనుమన్ని తీస్కొస్తుండు. పార్టీ పదవి ఇచ్చేది ఆయనే. విశాల్. ఆఖరి పరుగు పందెంల కప్పు ఆ పిలగాని చేతికే రావాలె. మామ చేతులతోని ఇప్పిద్దాం. ఫొటోలు మంచిగొస్తయి.”

“పరుగాయె. ఎవలు ఉరికితె వాళ్లకొస్తది. నేనెట్ల జేసేది?”

“నువ్వే గదా పెద్ద ఆటగత్తెవు. నీకు తెల్వని ఉపాయమా?”

భావన చేతిలో గరిట ఆగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో తను పరుగెత్తేదన్న సంగతి ఆయన నోటి వెంట వచ్చింది అదే మొదలు. వచ్చింది ఇందుకు!

చిట్యాలలో చదువుకునే రోజుల్లో నాలుగు వందల మీటర్లలో జిల్లాకు మొదటొచ్చిన పిల్ల ఆమె. రాష్ట్ర పోటీలకు పేరు వచ్చిన నెలలోనే ఈ సంబంధమూ వచ్చింది. పెళ్లిచూపుల్లో అత్త సులోచన కప్పుల బీరువా చూసి, “ఉరికే పిల్లనా? మా ఇంట్ల ఉరికే పనేం లేదమ్మా” అని నవ్వింది. ఇంత పచ్చి అబద్ధం ఆమె మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. పెళ్లయిన తెల్లారి నుంచి వంటింటికీ వాకిలికీ మధ్య భావన ఉరుకుతూనే ఉంది. గడియారం పట్టుకుని చూసేవాళ్లు లేరంతే.

ఉపాయం లేక కాదు. ఆయన అడిగిన క్షణంలోనే తట్టింది. తట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. దారి వంపు తిరిగే పందెంలో లోపలి గీత పొట్టిది, బయటి గీత పొడుగు. అందుకే పెద్ద పోటీల్లో బయటివాళ్లను ముందుకు జరిపి నిలబెడతారు. నలుగురినీ ఒకే వరసలో నిలబెడితే లోపలివాడికి సగం గెలుపు ముందే చేతిలో పెట్టినట్టు. చూసేవాళ్లకు మాత్రం అంతా సమానంగానే ఉంటుంది. ఆ లెక్క తాడుతో కొలిచి నేర్పింది బడిలో ఆటల మాస్టారు దుర్గయ్య సారు. మోసం పట్టుకోవడానికి నేర్పాడాయన, చేయడానికి కాదు.

ఓడిపోవడం ఆమెకు కొత్తేం కాదు. ఆదివారం భోజనాలయ్యాక మహీధర్ క్యారంబోర్డు తీస్తాడు. కొత్త కాపురంలో ఒకసారి భావన రెడ్ కొట్టి గెలిచింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. “మొగన్ని ఓడగొట్టి ఏం సంపాయించినవే?” అంది అత్త. అప్పటి నుంచి రెడ్‌ను గుంట దాకా తెచ్చి, ఆఖరి దెబ్బ కొంచెం పక్కకు కొడుతుంది. అయ్యో తప్పిపోయిందే అని నాలుక కరుచుకుంటుంది. ఆయన నవ్వుతూ రెడ్ వేసుకుంటాడు. ఇల్లు చల్లగా ఉంటుంది. ఇది ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం.

శుక్రవారం సాయంత్రం ముగ్గుపిండితో నాలుగు దారులకు గీతలు పోసింది. రెండేసి అడుగుల వెడల్పు. వంటింటి మెట్ల దగ్గర మొదలు, బోరింగు చుట్టూ తిరిగి మళ్లీ మెట్ల దగ్గరికే. నలుగురికీ ఒకే అడ్డగీత. లోపలి గీత విశాల్‌కు, మధ్య రెండూ లాయర్ గారి పిల్లకూ పక్కింటి బాబుకూ, బయటి గీత అక్షయకు. బడిలో మగపిల్లలను కూడా దాటేసే పిల్లకు బయటి గీత. పుట్టినరోజు పిల్ల పక్కకుంటేనే మర్యాద అని తనకు తాను చెప్పుకుంది.  

శనివారం పొద్దున ఆరింటికి పెరటి తలుపు తీసి చూస్తే గీతలు లేవు! పెరడంతా పచ్చగా పేడనీళ్ల సాన్పు. మధ్యలో ఇంత పెద్ద తామరపువ్వు ముగ్గు.

“అయ్యో రాజమణీ, ఏం జేసినవ్?”

పనిచేసే రాజమణి బకెట్ దించి బిక్కమొగం వేసింది. “పెద్దమ్మ చల్లుమన్నదక్కా. పెద్దోళ్లొస్తరట, దుమ్ము కనబడొద్దన్నది. నేనేం జేసేది?”

లోపలి నుంచి సులోచన గొంతు వినబడింది. “మంచి రోజు సాన్పు చల్లకుంట ఉంటరా? నీ గీతలేమన్న లచ్చిమి ముగ్గులా? మళ్ల గీసుకో.”

పదింటికి చుట్టాలు వస్తారు. నేల తడి. పిల్లలు జారితే? ఎండ పడితే తొమ్మిదికి ఆరుతుందా? గారెల పిండి ఇంకా రుబ్బలేదు. భావన ముగ్గుపిండి గిన్నె తెచ్చుకుని బోరింగు దగ్గర వంగిందో లేదో, వెనక అక్షయ వచ్చి నిలబడింది. కొత్త బూట్లు, రెండు జడలు.

“మమ్మీ, డాడీ చెప్పిండు. విశాల్ గెస్టట గదా. నన్ను మెల్లగ ఉరకమన్నడు.”

భావన తలెత్తలేదు. భార్య ఉపాయం మీద నమ్మకం చాలలేదు కాబోలు, పిల్లకూ చెప్పుకున్నాడు. “నువ్వేమన్నవ్?”

“సరే అన్న. నాకొస్తది. నిన్న ప్రాక్టీస్ గూడ జేసిన. చూస్తవా?”

చెప్పడమే ఆలస్యం, తడినేల మీద గోడ వారగా పరుగు తీసింది. ఎంత చక్కటి పరుగు! మోకాళ్లు ఎత్తడం, మడమలు నేల మీద నిలవకపోవడం, అంతా తల్లిదే. నాలుగడుగులుందనగా కుడిచెయ్యి డొక్కకు పట్టుకుంది, మొహం ముడుచుకుంది, వేగం తగ్గింది. ఆగి, నాలుక కరుచుకుని నవ్వింది.

“ఎవ్వలకన్న సమజైతదా? కడుపు నొచ్చిందనుకుంటరు. నువ్వు క్యారంబోర్డుల డాడీకి రెడ్ ఇడిచిపెడ్తవు సూడు, అట్లనే.”

భావన గుప్పిట్లోని పిండి మొత్తం ఒకేచోట కుప్పగా జారిపోయింది.

పదకొండేళ్లుగా ఎవరూ చూడలేదనుకుంది. ఈ పిల్ల పక్కన కూర్చుని, పౌడర్ డబ్బా అందిస్తూ, ప్రతి ఆదివారం చూసింది. జడ వేయడం నేర్పింది, ఎక్కాలు నేర్పింది, దారి దాటడం నేర్పింది. ఇది తను ఎన్నడూ నేర్పలేదే! నేర్పకుండానే అన్నిటికంటే బాగా వచ్చింది పిల్లకు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏడుపూ వచ్చింది. కానీ ఏడవడానికి వేళ లేదు, ఎండ ఎక్కుతోంది.

దండెం తాడు విప్పింది. “ఈ కొస పట్టుకో బిడ్డా, గట్టిగ.” నాలుగు దారులూ మళ్లీ పోసి, దుర్గయ్య సారు చూపినట్టే ఒక్కో గీత వెంట తాడు పరిచి కొలిచింది. ఒక్కో గీతకు ఆరడుగుల పైన తేడా. గమ్యం దగ్గర ఒకటే అడ్డగీత గీసి, మొదలుపెట్టే చోట నలుగురికీ నాలుగు చోట్ల గీసింది. గారెల పిండి సంగతి అత్త అరుస్తూనే ఉంది. భావన గీత పూర్తయ్యే దాకా లేవలేదు.

పదింటికి సోమనర్సయ్య వచ్చాడు, శాలువా కప్పించుకున్నాడు, కుర్చీలో కూర్చున్నాడు. సంచి పరుగు అయింది. విశాల్ బొద్దుగా, ముద్దుగా ఉన్నాడు. సంచిలో పడిపోయి, పడుకునే పకపక నవ్వాడు. నిమ్మకాయలు దొర్లాయి. లాయర్ గారి పిల్ల అనుకున్నట్టే ఏడ్చింది. చివరికి కప్పు బల్ల మీదికి వచ్చింది.

భావన నలుగురినీ వాళ్ల వాళ్ల చోట్ల నిలబెట్టింది. విశాల్ అందరికంటే వెనక. అక్షయ అందరికంటే ముందు, పద్దెనిమిది అడుగుల పైన. పెరట్లో గుసగుసలు లేచాయి.

“అవ్వ! తన బిడ్డను ముందల నిలబెట్టుకున్నది” అని సులోచన నోరు నొక్కుకుంది. నలుగురు ఆడవాళ్లు నవ్వారు. సోమనర్సయ్య మీసం తడుముకుంటూ, “ఏంది మహీధర్, మా పిలగాడు గంత ఎన్కకా?” అన్నాడు.

మహీధర్ మొహం నల్లబడింది. పళ్లు బిగించి, “భావనా, గిదేంది? అందర్ని ఒక్కటే వరుసల నిలబెట్టు” అన్నాడు.

భావన చుట్టూ చూసింది. నలభై జతల కళ్లు. రాత్రికి ఈ ఇంట్లో అన్నం ఎవరూ ముట్టరని తెలుసు, రేపటి మొహాలూ తెలుసు. అయినా సోమనర్సయ్య వైపు తిరిగి చెప్పింది.

“ఒక్కటే వరుసల పెడ్తేనే మోసం మామా. లోపలి గీత పొట్టిగుంటది. తాడు పెట్టి కొల్సిన, నలుగురికి ఒక్కటే దూరం. తాడు గాడనే ఉన్నది, కొల్సుకోండ్రి.”

తాడు వైపు ఎవరూ పోలేదు. విశాల్ మాత్రం తన గీత నుంచి, “జల్ది సీటీ ఊదు అత్తా!” అని అరిచాడు.

భావన అక్షయ దగ్గరికి వెళ్లి, బూటు లేసు కట్టే వంకతో కూర్చుంది. పిల్ల ఒకసారి తండ్రి వైపు చూసింది, ఒకసారి తల్లి వైపు. చెయ్యి అప్పుడే డొక్క మీదికి పోతోంది.

భావన ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

“రేపు రెడ్ నేనే కొడ్త బిడ్డా, నువ్వు పక్కన కూసొని చూడు” అని, లేచి సీటీ నోట్లో పెట్టుకుంది.