బోణీ బండి

పాలు పొంగుతున్నాయి దించాలి, ఎర్రబండి ఈపాటికి గుంటూరులో బయల్దేరుతూ ఉంటుంది, దాని పక్కనే పచ్చబండి, రెండు బస్సుల్లో ఏది ముందు వస్తుందో నాకు తెలియదు గానీ నా టీకొట్టు బల్ల మీద కూర్చున్న వీళ్ళందరికీ తెలుసు, మిరప సీజను మొదలయ్యే రోజు వీళ్ళకు తెలియనిది ఉండదు, ఎర్రబండి ఇంజను మొన్ననే విప్పి బిగించారట, పచ్చబండికి కొత్త టైర్లట, అబ్దుల్ ఖాదర్ గొంతు అందరికంటే పెద్దది, ఒరేయ్ ఇంజను కాదురా, టైర్లు కాదురా, తోలేవాణ్ణి చూడండి, గౌస్ బాషా స్టీరింగు పట్టుకుంటే ఎదురేముంది అంటున్నాడు, గౌస్ బాషా అంటే ఎర్రబండి తోలే మా ఆయన, అందుకే నా వంక చూసి నవ్వాడు, నేనూ నవ్వాలి, నవ్వాను, ఎదురుగా ఏం వచ్చినా భయం లేదు ఖాదరన్నా, పక్కనుంచే నా భయం, ఎడమ పక్క, ఆ మాట నాలుక దాకా వచ్చింది, మింగేశాను.

యడ్లపాడులో ఇదో ఆనవాయితీ, సీజను తొలిరోజు ఏ బస్సు ముందు వస్తే అదే బోణీ బండి, ఎండాకాలం అయ్యేదాకా రైతులూ మిరప బస్తాలూ ఆ బస్సే ఎక్కుతారు, రెండోది ఖాళీగా ఊగుతూ పోవాల్సిందే, అందుకని పొద్దున్నే బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టి, ఎవరికి ఏ బండి మీద నమ్మకమో ఆ పళ్ళెంలో ఒక ఎండుమిరపకాయ వేస్తారు, ఎర్రబండి పళ్ళెం అప్పుడే నిండిపోయింది, వేసేవాళ్ళకేం తెలుసు, వానల్లో ఒకరోజు మా ఆయన అన్నం తింటూ ఎడమ పక్కన పెట్టిన నీళ్ళగ్లాసు మోచేత్తో తోసేశాడు, మర్నాడు మళ్ళీ తోశాడు, అప్పుడు చూశాను ఎడమ కంట్లో తెల్లటి పొర, చీకటి కాదు జమీలా, మంచు పడ్డట్టుంది అంతే అన్నాడు, ఎవరికీ చెప్పకు, ఓనరుకు తెలిస్తే తాళాలు లాక్కుంటాడు అన్నాడు, చెప్పలేదు, కండక్టరు జోసఫ్‌కు మాత్రం తెలుసు, బొగ్గుతో నడిచే బస్సుల కాలం నుంచీ ఇద్దరూ ఒకే బండి మీద ఉన్నారు, జోసఫ్ ఎడమవైపు ఫుట్‌బోర్డు మీద నిలబడి రేకు మీద చరుస్తాడు, ఒక్క దెబ్బ కొడితే దారి ఉంది పో అని, గబగబా కొడితే పక్కన మనిషో బండో ఉంది ఆగు అని, జనమేమో జోసఫ్‌కు ఎంత పొగరురా, రేకు సొట్టలు పడేలా బాదుతాడు అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ, ఆ చప్పుడే మా ఆయన ఎడమ కన్ను, ఆ చప్పుడు ఉన్నంతకాలం నాకేం...

జోసఫ్. ఇదేమిటి, జోసఫ్ ఇక్కడ, ఖాకీ చొక్కా లేకుండా, సైకిలు నడిపించుకుంటూ పల్లెలోంచి వస్తున్నాడు, ఏరా జోసఫూ బస్సులో ఉండాల్సినోడివి ఇక్కడేంటి అని ఖాదర్ కేక, నా బదులు ఓనరుగారి బావమరిది జయరావు ఎక్కాడయ్యా, బోణీ రోజు సొంతమనిషి ఉండాలన్నారు, నిన్న సాయంత్రం చెప్పారు అంటున్నాడు, పోన్లేరా, టిక్కెట్లు ఎవడు కోస్తే ఏంటి, బండి తోలేది కండక్టరా అని అందరూ నవ్వారు, ఒక్క మిరపకాయ కూడా పళ్ళెం మారలేదు, జోసఫ్ నవ్వలేదు, పొయ్యి దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు, జమీలమ్మా, ఈరోజు తోలొద్దురా అని నిన్న రాత్రే బాషాకు చెప్పాను, బోణీ పోతే నన్నెవడు ఉంచుతాడు అన్నాడు, ఆ జయరావు సీటు దిగడు, ఫుట్‌బోర్డు మీదకు రాడు, సైకిలు మీద ఎదురెళ్ళి బోయపాలెం అవతలే బండి ఆపేస్తాను, ఎందుకు ఆపావని అడిగితే కన్ను సంగతి చెప్పాల్సి వస్తుంది, ఆ మాట నా అంతట నేను చెప్పలేను, నువ్వు ఊఁ అను చాలు, ఊఁ, ఊఁ అంటే ఏమవుతుంది, బోణీ పోతుంది, తాళాలు పోతాయి, మా ఆయన మిరప కల్లాల్లో బస్తాలు మోస్తాడు, ఆ ఘాటుకు రెండో కన్నూ పోతుంది, అనకపోతే ఏమవుతుంది, ఏమీ కాదేమో, ఇన్నేళ్ళు తోలిన రోడ్డే కదా, కళ్ళు మూసుకుని తోలగలడని ఖాదరే అంటాడు కదా, కానీ ఈ వేళప్పుడు రోడ్డు అంచున పత్తి బండ్లు, కోతకు పోయే ఆడవాళ్ళు, యా అల్లా, ఏం జమీలా, నీదొక్కటే మిగిలింది, నువ్వు ఎటు అంటూ ఖాదర్ నా చేతిలో మిరపకాయ పెట్టాడు, అందరూ చూస్తున్నారు, జోసఫ్ సైకిలు హ్యాండిలు పట్టుకుని చూస్తున్నాడు, సొంత మొగుడి పళ్ళెంలో వెయ్యకపోతే ఎందుకని అడగరా, వేశాను, అందరూ చప్పట్లు కొట్టారు, జోసఫ్ తల దించుకుని సైకిలు గోడకు ఆనించాడు.

హారను, ఆయనది కాదు, ఆయన హారను చివర బొంగురుపోతుంది, ఇది పచ్చబండిది, అల్లా, ఓడిపోనీ, ఈ ఒక్కరోజుకు ఓడిపోయి వెనకే రానీ, నెమ్మదిగా రానీ, దుమ్ము లేచింది, దుమ్ములోంచి పచ్చరంగు, ఖాదర్ తల పట్టుకున్నాడు, నాకు ప్రాణం లేచొచ్చింది, ఓడిపోయాడు, అంటే చూసుకుని నెమ్మదిగా తోలాడు, వచ్చాక ఎంత తిట్టినా పడతాను, ఆయనకు అల్లం ఎక్కువేసి టీ పెట్టాలి, బోణీ కొట్టినవాడు సెంటరంతా హారను మోగించాలి, పచ్చబండి డ్రైవరు జక్రయ్య మోగించడం లేదెందుకు, దిగాడు, దండ వెయ్యబోతే తోసేశాడు, సరాసరి వెళ్ళి జోసఫ్ చొక్కా పట్టుకున్నాడు, నువ్వెందుకు లేవురా బండిలో, నువ్వుంటే చరిచేవాడివి కదరా, బోయపాలెం దగ్గర పత్తి బండిని పూర్తిగా దాటకుండానే ఎడమకు కోశాడురా, బండికి తగిలి కాలవలో తిరగబడింది, జనం దెబ్బలతో బయటపడ్డారు, బాషా స్టీరింగు కింద, బాషా లేడురా, అప్పుడు నన్ను చూశాడు, జోసఫ్ చొక్కా వదిలేశాడు.

వెనకే రానీ అన్నాను గానీ అసలే రానివ్వొద్దు అనలేదు అల్లా, టీ పొంగి పొయ్యి ఆరిపోయింది, ఎవరూ దించలేదు, కళ్ళు తుడుచుకుంటే వేళ్ళకున్న ఘాటుకు రెండు కళ్ళూ మండుతున్నాయి, ఖాదర్ ఏడుస్తున్నాడు, అందరం నీవైపే వేశాం కదరా బాషా అంటున్నాడు, వేశారు, పాపం తెలియక వేశారు, ఆ పళ్ళెంలో నా కాయ ఏదో పోల్చుకోలేకపోతున్నాను, అన్నీ ఒకే ఎరుపు, జోసఫ్ గోడ దగ్గరే సైకిలు పక్కన కూలబడ్డాడు, నన్ను అడిగాడు, ఊఁ అను చాలు అన్నాడు, ఏమీ అనలేకపోయాననే ఇంతసేపూ అనుకుంటున్నాను, కానీ వద్దనే చెప్పాను, ఆ మిరపకాయతోనే చెప్పాను.