నూట ఎనభై గ్రాములు

ఉదయం ఏడింటికి సత్యవాణి ముందుగా కూతురి ఎడమ మణికట్టుకు కందిపప్పు సంచీ కట్టి, ఆ తర్వాతే కాఫీ ఇచ్చేది. కట్టకపోతే ఆ చెయ్యి మెల్లగా లేచి తల దాటి పైకి పోయేది. సంచీ మర్చిపోయిన రోజు కీర్తిక బిషాన్ స్టేషన్‌లో అలాగే రైలెక్కేది. ఒకసారి పక్కాయన ఆ చేతికి తన గొడుగు తగిలించి ఫోను చూసుకున్నాడు. దిగేటప్పుడు థాంక్స్ చెప్పి తీసుకున్నాడు.

నాలుగు నెలల కిందట, కింద నుంచి గాలి కొట్టే గాజు గొట్టంలో ఎగురుతూ కీర్తిక ఎడమవైపు అద్దానికి కొట్టుకుంది. భుజం విరిగింది. లోపల ప్లేటూ ఏడు మరలూ పెట్టారు. చేతికట్టు విప్పిన రోజు చెయ్యి ఆరువందల గ్రాముల మేర తేలింది. డాక్టరు కాగితం మీద "తేలుతోంది" అని రాసి, నెల తర్వాత రమ్మన్నాడు.

సైన్స్ పార్క్‌లో డేటా లెక్కలు చూసే కీర్తిక దీన్నీ లెక్కలోకి దించింది. వారానికి ముప్పై గ్రాములు తగ్గుతోంది. కట్టు విప్పి పద్నాలుగు వారాలు గడిచాయి. ఇంకా ఆరు వారాలు. ఆ గొట్టంలో ఎగిరేవాళ్ల జట్టు ఎంపిక మాత్రం ఈ శనివారమే. ఒక్క నిమిషం తిరిగిపోకుండా, అద్దం తాకకుండా తేలి చూపించాలి. లేకపోతే రెండేళ్లు కష్టపడి తెచ్చుకున్న చోటు ఇంకొకరికి పోతుంది.

"చెయ్యి దిగేదాకా ఎగరడం మాటెత్తకు" అని కాకినాడ నుంచి వచ్చిన రోజే అమ్మ ఖాయం చేసింది.

అందుకని శుక్రవారం కీర్తిక ఎగిరే సూటు చేతిలోపల పప్పు పోసి కుట్టేసింది. శనివారం ఆ చెయ్యి బుద్ధిగా కిందికి వేలాడింది. అది దిగిపోయిందనుకుని అమ్మ కూడా బయల్దేరింది.

వుడ్‌ల్యాండ్స్‌లో పుట్టి పెరిగి, అక్కడివాళ్లలాగే మాట చివర 'లా' తగిలించే కోచ్ అభిజిత్ గొట్టం తలుపు దగ్గర ఆపాడు. "కీర్తికా, స్లీవ్‌లో ఏంటది?"

"ఏం లేదు."

"తీసెయ్ లా! కుట్టు ఊడిందంటే వెనక ఎగిరేవాళ్ల కళ్లలో పడుద్ది."

కుట్టు విప్పగానే చెయ్యి లేచింది. సత్యవాణి గింజలు అరచేతిలో పట్టి చూసింది.

"కొత్త ప్యాకెట్టు విప్పావా?"

"ఊఁ."

"ఇంకా ఎంత తేలుతోంది?"

"నలభై గ్రాములమ్మా."

"లెక్కల్లో ఎప్పుడూ తప్పులేదు నీకు. మళ్లీ చెప్పు."

"నూట ఎనభై."

"ఆంటీ, నేను లోపలే ఉంటాను" అన్నాడు అభిజిత్.

"పోయినసారీ లోపలే ఉన్నావుగా బాబూ?"

సత్యవాణి కూతురి చేతిని కిందికి లాగి వదిలింది. అది మళ్లీ లేచింది. కీర్తిక కళ్లు తలుపు మీదే ఉన్నాయి. అమ్మ ఆ కళ్లనే కాసేపు చూసింది.

"నిమిషమంటే అరవై. నేనే లెక్కపెడతా. అరవై ఒకటైతే లోపలికొచ్చేస్తా."

గాలి కీర్తికను ఎత్తుకుంది. పదిహేను దాకా బాగానే ఉంది. ఇరవై దగ్గర ఎడమవైపు అద్దం కనిపించగానే ఒళ్లు కొయ్యబారింది. అదే అద్దం. మనిషి అటే జారుతోంది. అభిజిత్ చెయ్యి చాపాడు, అందలేదు. బయట సత్యవాణి ఇరవైమూడు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు ఆ తేలే చెయ్యి తొందరేమీ లేకుండా పైకి లేచింది. దానితో ఎడమవైపు ఒళ్లంతా కాస్త ఎత్తయింది. గాలి కిందుగా దూరి, ఆమెను అద్దం నుంచి మధ్యకు జార్చింది. అక్కడ భుజం వదులైంది, మోకాళ్లు వదులయ్యాయి. కీర్తిక నవ్వుతూ అరవై దాకా అలాగే నిలిచిపోయింది.

బయటికొచ్చేసరికి చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. అభిజిత్ బొటనవేలు ఎత్తాడు. "జట్టులో ఉన్నావు. ప్రాక్టీసు రేపే, సండే మార్నింగ్."

"ఆదివారం పొద్దున కుదరదు బాబూ" అంది సత్యవాణి, కొంగుతో కూతురి నుదురు తుడుస్తూ. "దానికి తలంటాలి. మధ్యాహ్నం పెట్టు."