పున్నమి గొలుసు

నేను ఒక గొలుసుని. ఇనుప గొలుసుని. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లో, చక్రాలు ఊడిన తోపుడు బండి కింద పడి ఉన్నాను. కదలకుండా ఉండమంటే నా వల్ల కాదు. పక్కనుంచి ఎవరు నడిచినా గలగలమంటాను. కొట్టువాడు విసుక్కుంటాడు. విసుక్కోనీ! చెప్పాల్సింది చెప్పేదాకా నాకు స్థిమితం లేదు.

నేను పుట్టింది నల్లమల కిందుండే ఒక గొర్రెల కాపర్ల ఊళ్లో, కమ్మరి బ్రహ్మయ్య కొలిమిలో.

"ఎద్దుకా, కుక్కకా?" అని అడిగాడు బ్రహ్మయ్య.

"నా కొడుక్కి" అన్నాడు మారెన్న.

సుత్తి గాల్లో కాస్త ఆగింది. అంతే, మళ్లీ పడింది. కాకపోతే మెడకు వేసే కడియాన్ని బ్రహ్మయ్య కొంచెం వెడల్పు చేశాడు. "పిల్లోడు పెరుగుతాడు గదప్పా" అన్నాడు. ఆ పిల్లాడి మీద ఆ ఊరు చూపించిన జాలి మొత్తం అదే.

పిల్లాడి పేరు ఓబులేసు. తల్లి లేదు. పున్నమి చంద్రుడు పైకి రాగానే వాడి ఒంటి నిండా బొచ్చు మొలిచేది, కోరలు వచ్చేవి. తెల్లారేసరికి మళ్లీ మామూలు పిల్లాడే. తోడేలు మనిషి అన్నమాట. మొదటిసారి అలా మారినప్పుడు వాడు చేసిన ఘోరమేమిటో తెలుసా? దొడ్లోకి పోయి గొర్రెపిల్లల మధ్య పడుకున్నాడు. తల్లి గొర్రె వాడి చెవి నాకుతూ ఉంది. మారెన్న అది చూసి, ఇంకాసేపుంటే మందనంతా తినేస్తాడని దుడ్డుకర్రతో చావబాదాడు. ఈ సంగతి కొలిమి దగ్గర తనే చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఇక ప్రతి పున్నమికీ పొద్దు గూకకముందే నన్ను వాడి మెడకు తగిలించి, రెండో కొసను దొడ్లో గుంజకు బిగించేవాడు. ఆ తర్వాత కర్ర అందుకునేవాడు. "లోపలి మృగం బయటికి పోవాల" అనేవాడు. పున్నమి కాని రోజుల్లోనూ కొట్టేవాడు. అప్పుడు కారణం చెప్పే శ్రమ కూడా పడేవాడు కాదు.

పిల్లాడి కేకలు ఊరంతా వినపడేవి. ఊరేం చేసిందంటారా? భజన పెట్టుకుంది. నిజమండీ! అంతవరకూ శనివారాలు జరిగే భజనను పున్నమికి మార్చుకుంది. దొడ్లో కేక లేచినప్పుడల్లా భజన పెద్ద రంగస్వామి "గట్టిగా కొట్టండప్పా!" అనేవాడు. తాళాలు హోరెత్తేవి. పక్కింటి సుంకమ్మ మాత్రం ఒకసారి తలుపు సగం తీసింది. లోపల్నుంచి ఆమె మొగుడు "వాళ్లింటి గొడవ మనకేంటికే?" అన్నాడు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు నాకు బాగా గుర్తు.

ఓబులేసు పెద్దవాడయ్యాడు. ఊరు నేర్పిందంతా నేర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం మాట వినలేదని ఓ కుంటి మేకను నాతోనే కొట్టాడు. అది అరుస్తుంటే వాడు భజన పాట ఎత్తుకున్నాడు. అరుపు పెరిగేకొద్దీ గొంతు పెంచాడు. కాసేపటికి పాట ఆపి దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నిమరాలో, మళ్లీ కొట్టాలో వాడికే తెలియలేదు. కొట్టిన తర్వాత ఏం చేయాలో వాడికి ఎవరు చూపించారు గనక?

ఆ తర్వాతి పున్నమికి నేను తెగలేదు. నా పరువు కోసం చెబుతున్నాను. చెద పట్టిన గుంజ విరిగింది. మారెన్న ముసలివాడైనా కర్ర వదల్లేదు. దెబ్బ పడగానే ఓబులేసు లాగిన లాగుడుకు గుంజ ఫెళ్లుమంది. మరుక్షణం తండ్రి కింద, కొడుకు పైన, తండ్రి గొంతు మీద కోరలు.

"రండి రో! సంపుతాండాడు రో!" అని అరిచాడు మారెన్న.

ఓబులేసు దవడ బిగించలేదు. చెవులు నిక్కబొడుచుకుని భజన కొట్టం వైపు చూశాడు. నేను వాడి మెడకే ఉన్నాను, నరం ఎలా కొట్టుకుంటోందో నాకు తెలుస్తోంది. ఎవరైనా వస్తారేమోనని చూస్తున్నాడు. రావాలనే చూస్తున్నాడు. ఒక్క తలుపు తెరుచుకున్నా వదిలేసేవాడు, ఒట్టు.

మారెన్న మళ్లీ అరిచాడు. తాళాలు ఇంకా గట్టిగా మోగాయి.

అప్పుడు దిగాయి కోరలు. వాడి తప్పేం లేదని నేననను. కోరలు వాడివే.

పొద్దున ఊరంతా వచ్చింది. ఓబులేసు మనిషిగా, మెడలో నాతో, తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంత పని చేస్తివిరా! కన్నతండ్రిని!" అన్నాడు రంగస్వామి.

ఓబులేసు తలెత్తాడు. "రాత్రి కేకలు మీకు ఇనపడలేదా?"

సుంకమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది, "ఇనపడె నాయినా. అరిచేది నువ్వే అనుకుంటిమి."

ఓబులేసు తలూపాడు. ఆ సంగతి వాడికి కొత్త కాదు.

పోలీసులు వాణ్ని తీసుకుపోయే ముందు బ్రహ్మయ్యే వచ్చి నా కడియం కోశాడు. అప్పుడు వెడల్పుగా వదిలిన జాగా అంతా నిండిపోయి, రాత్రి లాగుడుకు చితికిన మెడ చర్మం నెత్తురుతో ఇనుముకు అతుక్కుని ఉంది. కోస్తున్నంతసేపూ బ్రహ్మయ్య ఏడ్చాడు. ఏం లాభం?

రేపు నన్ను కరిగిస్తారట. గునపం చేస్తారో, కొడవలి చేస్తారో మీ ఇష్టం. తలుపు గడియ మాత్రం చేయకండి, మీకు దండం పెడతాను.