నల్ల షీటు

దేవరకొండ బస్టాండు ఎదురుగా స్కూటరు సామాన్లమ్మే నూరుద్దీన్ దుకాణం ముందు ఎల్లేశం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మామూలు బట్టల్లో ఒక కానిస్టేబుల్.

అడవిలో ఉన్న అన్నలకు మందుబిళ్లలు మోసుకుపోతూ ఎల్లేశం దొరికిపోయాడు. ఠాణాలో తిన్న దెబ్బలకు నడుము ఇంకా నిటారుగా నిలవడం లేదు. చివరికి ఎస్సై బేరం పెట్టాడు. ఊళ్లో అన్నలకు బువ్వ పెట్టేవాళ్లను చూపించాలి. చూపిస్తే ఇంటికి, లేకుంటే అడవికి, శవంగా. అంతకుముందు ఇంకో ఊళ్లో ఒకడికి గోనెసంచి తొడిగి నిలబెట్టారు. సంచి కంతల్లోంచి కనబడ్డ కళ్లను జనం గుర్తుపట్టారు. కొన్నాళ్లకే వాడి శవం వాగులో తేలింది. అందుకే ఈసారి హెల్మెట్టు.

"అద్దం ఏది కావాల్నో ఆయన్నే చూసుకోనియ్యి. పెట్టుకునేది ఆయననే" అన్నాడు కానిస్టేబుల్ నవ్వుతూ.

నూరుద్దీన్‌కు సంగతి తెలియదు. హెల్మెట్టు తిరగేసి, అద్దం లోపలి వైపున్న సన్నటి గాడిని వేలితో చూపించాడు.

"భాయ్, ఇండ్ల ఒక్క షీటే కూసుంటది. గీ నల్లది పెట్టిస్తే ఎండ కొట్టదు, బయటోనికి నీ మొఖం కనవడదు. గీ తెల్లది ఆవిరి పట్టదు. చలికాలం పొద్దుగాల బండి నడిపేటోళ్లు గిదే అడుగుతున్రు."

"రెండూ పెట్టరాదా?"

"పట్టవన్న గద. జర సోంచాయించు. నల్లదాంట్ల శ్వాస వదిల్తే లోపలంత మబ్బైతది. ముంగట బర్రె ఉందో బస్సుందో తెల్వదు."

ఎల్లేశం రెండు షీట్లనూ ఒకదాని తర్వాత ఒకటి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు. తెల్లదాంట్లోంచి బజారంతా ఉన్నదున్నట్టు కనిపించింది. అరటిపండ్ల బండి దగ్గరున్న ముసలామె అతన్నే చూస్తోంది. షీటు గబుక్కున దించేశాడు.

"నల్లదే పెట్టు" అన్నాడు.

నూరుద్దీన్ గాడిలో షీటు కూర్చోబెట్టి, హెల్మెట్టు ఎల్లేశం నెత్తిన పెట్టి, అద్దం కిందికి లాగాడు. దుకాణం గోడకున్న అద్దంలో ఎల్లేశానికి తన తల కాలిన కుండలా కనబడింది. ఠాణాకు పోయిన తర్వాత మొదటిసారి అతని గుండె కాస్త కుదురుకుంది.

చూపించాల్సిన మనిషిని ఎల్లేశం ముందే అనుకుని పెట్టుకున్నాడు. కిరాణం రఘుపతి. అన్నలకు ఉప్పూ పప్పూ ఇచ్చిన మాట నిజమే. ఊళ్లో చాలామంది ఇచ్చారు. కానీ రఘుపతితో అతనికి పొలం గెట్టు తగాదా ఉంది. ఎవరో ఒకరు పోక తప్పనప్పుడు వాడే పోనీ అనుకున్నాడు. అనుకున్నాక నిద్ర కూడా పట్టింది.

పుష్యమాసపు చలిలో, తెల్లవారుతుండగానే పోలీసులు ఊరిని చుట్టుముట్టారు. మగవాళ్లందరినీ బడి ముందు వరసగా నిలబెట్టారు. అందరి ఒంటి మీదా నల్ల గొంగళ్లే. జీపులోంచి ఎల్లేశాన్ని దించారు. కాళ్లకు బూట్లు, ఒంటికి పోలీసు కోటు, నెత్తిన హెల్మెట్టు.

"నోరు తెర్వకు. గొంతు గుర్తువడ్తరు. నేను ఒక్కొక్కని భుజం మీద చెయ్యి వేస్తా. అవునైతే తలూపు" అని ఎస్సై చెవి దగ్గర చెప్పాడు.

మొదటి మనిషి స్పష్టంగానే కనబడ్డాడు. రెండోవాడి దగ్గరికి వచ్చేసరికి అద్దం అంచుల్లో ఆవిరి మొదలైంది. భయానికి ఎల్లేశం ఊపిరి కుక్క రొప్పినట్టు వస్తోంది. ఊపిరి బిగబట్టి చూశాడు. వదిలేసరికి ఆవిరి ఇంకా ఎక్కువైంది. అద్దం ఒక్క వేలెడు పైకెత్తితే చాలు, చలిగాలి తగిలి ఆవిరి పోతుంది. అతని చెయ్యి గడ్డం దాకా లేచి ఆగిపోయింది. వరసలో ఊరంతా అతన్నే చూస్తోంది.

తర్వాత అతనికి కనబడినవి గొంగళ్లు మాత్రమే. లావుగా ఉన్న ఒక ఆకారం ముందు ఆగాడు. రఘుపతి లావుపాటి మనిషి. ఎస్సై ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

ఎల్లేశం తలూపాడు.

దెబ్బ చప్పుడైంది. రెండు గొంగళ్లు కప్పుకోవడంవల్ల లావుగా కనబడ్డ ఆ మనిషి కిందపడి, "నేనేం జేసిన సారూ!" అని అరిచాడు.

అది మల్లయ్య గొంతు. ఎల్లేశం అక్క బిక్షమ్మ మొగుడు. తండ్రి పోయాక ఎల్లేశాన్ని ఇంట్లో పెట్టుకుని సాకినవాడు. ఊరి తాటిచెట్లకు కల్లుగీసి బతికేవాడు తప్ప, అన్నల జోలికి ఎన్నడూ పోనివాడు.

ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. ఎల్లేశం మెడ కదల్లేదు. మల్లయ్యను ఈడ్చుకుపోతుంటే గుడిసెల వైపు నుంచి అక్క కేకలు వినిపించాయి. నల్లటి మబ్బు వెనక ఎల్లేశం మాత్రం రాయిలా నిలబడ్డాడు.

మల్లయ్య బతికే వచ్చాడు. కానీ రెండు మణికట్లూ విరిగి వంకరగా అతుక్కున్నాయి. దవాఖానలో ఇంక సరికావన్నారు. ముంత పట్టుకోలేని చేతులతో చెట్టెలా ఎక్కుతాడు? బిక్షమ్మే మొగుడికి ముద్దలు కలిపి పెట్టేది. అదే చేత్తో, ఎస్సై విడిచిపెడితే ఇల్లు చేరిన తమ్ముడికీ వడ్డిస్తూ ఆ హెల్మెట్టు మనిషిని శపించేది.

"వాని కండ్లు కాకులు పొడువ! వానికి పురుగులు పడ! తమ్మీ, ఇంకింత తిను. ఏం తింటలేవు."

ఎల్లేశం తల వంచుకుని తినేవాడు.

రోజూ గీయకపోతే చెట్లలో కల్లు ఎండిపోతుందని బిక్షమ్మ ఏడిస్తే, ఎల్లేశం తానే ఎక్కుతానన్నాడు. చిన్నప్పుడు తండ్రి తాటిచెట్టు మీది నుంచి పడి చావడం అతను కళ్లారా చూశాడు. అప్పటినుంచి చెట్టెక్కాలంటే కాళ్లు వణుకుతాయి. అయినా చెట్టెక్కే మోకుతాడు పట్టాడు. తోబుట్టువులు ఒకరినొకరు పట్టించుకోని ఈ కాలంలో ఇలాంటి తమ్ముడుంటాడా అని అమ్మలక్కలు మెచ్చుకున్నారు.

వాన వెలిసిన ఒక పొద్దున చెట్టు మాను పాచి పట్టి జారుతోంది. ఎల్లేశం సగం దాకా పోయి దిగివచ్చాడు. ఒళ్లంతా చెమట.

"ఇయ్యాల వద్దు బావా. జారుతాంది."

గట్టు మీద కూర్చున్న మల్లయ్య గడ్డంతో చెట్టు వైపు చూపించాడు.

"ఎక్కు" అన్నాడు.

"పడ్తనే."

"మొఖానికి నల్లద్దం ఏసుకున్నవ్. భుజాలకేం ఏసుకున్నవ్‌రా? నిన్ను ఎత్తుకొని తిరిగినోన్ని. బడికాడ నిలవడ్డప్పుడే గుర్తువట్టిన."

ఎల్లేశం వచ్చి బావ కాళ్లు పట్టుకున్నాడు.

"బావా, నువ్వని తెల్వదు. ఆవిరి పట్టింది, ఏం కనవడలే. నీ పానం మీద ఒట్టు."

"నేనని తెల్వదు. మరి ఎవడనుకొని ఊపినవ్?"

ఎల్లేశం పట్టుకున్న కాళ్లు వదిలేశాడు.

"ఠాణాల ఇరగ్గొట్టేటప్పుడు గూడ నీ పేరు చెప్పలే. చెప్తే ఊరోళ్లు నిన్ను సంపుతరు. మీ అక్క బతకదు. గందుకే చెప్పలే" అన్నాడు మల్లయ్య. అతని గొంతులో కోపం లేదు. అదే ఎల్లేశాన్ని ఎక్కువ భయపెట్టింది.

"అక్కకు చెప్పు బావా. ఈ బతుకు కన్న గదే నయం."

"చెప్ప. నువ్వు గూడ చెప్పొద్దు. చెప్తే ఆమె ఏమైతదో నీకెర్కనే. నువ్వు దినాం ఎక్కుతవ్. జరమొచ్చినా, వానొచ్చినా. నేను గిక్కడ కూసొని చూస్త."

వంకర చేతులు ఒళ్లో పెట్టుకుని బీడీ కోసం మూతి ముందుకు చాపాడు. ఎల్లేశం లేచి అతని నోట్లో బీడీ పెట్టి ముట్టించాడు. మోకు నడుముకు వేసుకుని చెట్టును కరుచుకున్నాడు.

సగం దాకా పోయాక కాలు జారింది. మోకు బిగిసి నిలిచాడు. కింద బిక్షమ్మ సద్దిమూట తెస్తూ కెవ్వున అరిచింది.

"దిగు తమ్మీ! పానం కన్న ఎక్కువనా? నువ్వన్న చెప్పయ్యా, దిగమని!"

మల్లయ్య పొగ వదిలాడు.

"ఏం గాదు. ఎక్కనియ్యి" అన్నాడు.