బిందెల కొట్టు పక్క గది

బజారులో ఎవరు ఎదురుపడినా నేను ముందు వాళ్ల చేతిసంచీ చూస్తాను. ఖాళీగా ఉంటే కొనడానికి వస్తున్నారు, నిండుగా ఉంటే కొనేసి పోతున్నారు. బాపట్లలో ఇన్నేళ్లుగా స్టీలు సామాన్ల కొట్టు నడుపుతున్నానంటే ఆ చూపు పుణ్యమే. ప్రేమకుమారి గారి పిల్లలు మాత్రం ఈ లెక్కకు అందలేదు. ఖాళీ చేతులతో వచ్చి నిండు చేతులతో పోయేవారు. మధ్యలో ఎవరి దగ్గరా ఏమీ కొనేవారు కాదు.

ప్రేమకుమారి గారు గ్రంథాలయాధికారి. పెద్ద గ్రంథాలయంలో చోటు చాలక, పిల్లల పుస్తకాల కోసం నా కొట్టు పక్కనే ఉన్న నా గది అద్దెకు తీసుకున్నారు. సాయంత్రమైతే నా అరుగు నిండా చిన్న చిన్న చెప్పులు. గోడ అవతల ఆవిడ కథ చదువుతూ ఉంటే, ఇవతల నేను బిందెల మీద పేర్లు చెక్కుతూ ఉండేవాణ్ణి. కథ మంచి పట్టులో పడ్డప్పుడు నా మిషను ఆగిపోయేది. మిషన్ వేడెక్కింది, కాస్త చల్లారాలి అనుకునేవాణ్ణి.

2006 వేసవిలో సెల్‌ఫోన్ల షాపు పెడతానంటూ ఒకతను ఆ గదికి బేరం తెచ్చాడు. అప్పుడు బజారులో ఎవరి నోట విన్నా సెల్లే. ఆ షాపు పక్కనుంటే వచ్చే జనం నాకూ పనికొస్తారు. ఇందులో ఆలోచించేదేముంది?

ఖాళీ చేయమని చెబుదామని వెళ్లేసరికి ప్రేమకుమారి గారు నేల మీద కూర్చుని కొత్త పుస్తకాల కట్ట విప్పుతున్నారు.

“బాషా గారూ, సమయానికి వచ్చారండీ! ఇటు రండి, ఈ బొమ్మ చూడండి. ఎండ్రకాయ లైట్‌హౌసు దీపాన్ని ఎత్తుకుపోతోంది! ఇంకా సిరా వాసన కూడా పోలేదు, చూడండి!”

ఎండ్రకాయ వంక చూస్తూనే విషయం చెప్పేశాను. ఆవిడ చేతిలో కత్తెర ఆగింది.

“మా పిల్లల వల్ల మీకు నష్టమేంటండి?”

“నష్టం లేదమ్మా. లాభం లేదు. బజారులో గది అంటే గిరాకీ తేవాలి. మీ పిల్లలు గంగాళాలు కొంటారా?”

ఆవిడ కాసేపు నా కొట్టు వైపు చూశారు. “అయితే ఒక పని చేద్దాం. వారం రోజులు పిల్లల్ని పెద్ద గ్రంథాలయం వసారాలో కూర్చోబెడతాను. ఈ గదికి తాళం వేస్తాను. మీ గిరాకీ తగ్గకపోతే నేనే ఖాళీ చేస్తా. తగ్గితే గది పిల్లలది. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.”

ఇంత తెలివితక్కువ బేరం నేను నా జీవితంలో చూడలేదు. వెంటనే ఒప్పేసుకున్నాను.

మొదటి రోజు హాయిగా గడిచింది. చెప్పులు లేవు, గోల లేదు. మర్నాడు సరుకు కోసం తెనాలి వెళ్లి సాయంత్రం రైలుకి తిరిగొచ్చాను. కొట్లో మా ఆవిడ షబ్నం గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించుకుని కూర్చుంది.

“ఏంటండీ, బజార్లో ఎవరైనా పోయారా? ఒక్క పురుగు రాలేదు.”

“పెళ్లి ముహూర్తాలు లేవుగా.”

“ముహూర్తాలు మొన్నా లేవు. మొన్న అమ్మకం బాగానే ఉందిగా. పిల్లల్ని దింపిన తల్లులు మన ఫ్యాను కింద బల్ల మీద కూర్చునేవాళ్లు. కూర్చున్న మనిషి చెయ్యి ఊరుకుంటుందా? ఓ మూత ఎత్తి చూస్తుంది, ఓ క్యారేజీ దింపించి చూస్తుంది.”

“నువ్వు ఊరుకో, వ్యాపారం నాకు చెప్పకు.”

అన్నానే గానీ నాకు అర్థమైంది. కొనేవాళ్ల కోసం వీధి చివరి దాకా చూశాను గానీ, నా బల్ల మీదే కూర్చున్న వాళ్లను ఎన్నడూ చూడలేదు. పైగా ఇంకో ఇబ్బంది. పేర్లు చెక్కుతుంటే మిషను ఆపాల్సిన అవసరమే రావడం లేదు. గోడ అవతల చడీ చప్పుడూ లేదు. ఆ ఎండ్రకాయ దీపాన్ని ఎక్కడ దాచిందో, ఆ రాత్రి పడవలు ఒడ్డుకెలా చేరాయో తెలియదు. ఇది ఏ లెక్కలోకీ రాదు. అయినా నష్టమే.

వారం గడిచే వరకూ ఆగుదామనుకున్నాను. మాటంటే మాటే కదా. అయితే మూడో నాడు ఎదురుగా, నన్ను బావా అని పిలిచే స్నేహితుడు వెంకటప్పయ్య కొట్టు ఖాళీగా కనిపించింది. ప్లాస్టిక్ బకెట్లు తప్ప మనిషి లేడు. గిరాకీ లేనప్పుడు కూడా కొట్టు వదలని మనిషి!

“పెద్ద గ్రంథాలయం వైపు వెళ్లాడండి,” అంది షబ్నం. “చేతిలో తాళంచెవుల గుత్తి ఉంది.”

వాడి కొట్టు మీద మేడ గది ఖాళీగా ఉంది! స్కూటరు తీసి, హారను మీద నుంచి చెయ్యి తియ్యకుండా పోయాను.

వసారాలో కాలు పెట్టే చోటు లేదు. ప్రేమకుమారి గారు పుస్తకం పైకెత్తి పట్టుకుని చదువుతున్నారు. ఎండ్రకాయ కలుగులోంచి వెలుగు బయటికొస్తోంది, సముద్రం అడుగున చేపలన్నీ పగలనుకుని నిద్ర లేచాయి! నేను వచ్చిన పని మరిచి స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాను. పక్కకు చూస్తే రెండో స్తంభానికి వెంకటప్పయ్య, నోరు తెరుచుకుని.

పేజీ తిప్పడానికి ఆవిడ ఆగారో లేదో, వాడు ముందు తేరుకున్నాడు.

“మేడం గారూ, నా మేడ గది చూడండి. ఫ్యాను ఉంది, గాలి ఉంది. రేపే వచ్చేయండి.”

“ఏరా అప్పయ్యా! ఆ గది నాది, పిల్లలు నా వాళ్లు!”

“ఎప్పటి నుంచి బావా? మొన్న వెళ్లగొట్టింది ఎవరు?”

పిల్లలు గొల్లున నవ్వారు. సిగ్గుపడుతూ కూర్చుంటే వ్యాపారం సాగదు.

“అమ్మా, పందెం ఓడిపోయాను. గిరాకీ పడిపోయింది. గది మీదే.”

“ఇంకా వారం కాలేదుగా బాషా గారూ,” అన్నారావిడ. కళ్లు మెరుస్తున్నాయి.

“వారం ఆగితే వీడు ఎత్తుకుపోతాడు.”

“నా గది పెద్దది,” అన్నాడు వెంకటప్పయ్య.

“మెట్లెక్కాలి. చిన్నపిల్లలు పడితే?” అన్నాను.

“రెయిలింగు పెట్టిస్తా!”

“నేను గది గోడలకి రంగు వేయిస్తా!”

“నేను మంచినీళ్ల కూలరు పెడతా!”

వేలంపాట చూసినట్టు పిల్లలు ఒకసారి వాడి వైపు, ఒకసారి నా వైపు తలలు తిప్పుతున్నారు. ప్రేమకుమారి గారు చెయ్యి ఎత్తారు. ఇద్దరం ఆగాం.

“బాషా గారూ, మీ బిందెలు లోపల దాస్తారా, అరుగు మీద పెడతారా?”

“అరుగు మీదేనమ్మా. కనపడని సరుకు ఎవరడుగుతారు?”

“నా పుస్తకాలు మాత్రం బీరువాలో అద్దాల వెనక ఉండాలా? సగం అరుగు నాకివ్వండి. పిల్లవాడి చెయ్యి అందే ఎత్తులో పుస్తకాలు పెడతాను. రోడ్డు మీద పోయే ప్రతి బిడ్డకీ అట్టలు కనపడాలి.”

సగం అరుగు! వీధి ముఖం చూసే చోటు! మా నాన్న అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు. కాకపోతే ఆవిడ చెప్పింది సరుకు గురించి, ఆ మాట నా మాటే.

“ఇచ్చాను.”

“వెంకటప్పయ్య గారూ, ఆ ఎత్తుకి సరిపోయే ప్లాస్టిక్ ర్యాకులు మీ కొట్లో ఉన్నాయి. నేను చూశాను.”

“నేనెందుకివ్వాలండీ? పిల్లలు బావ దగ్గరికి పోతుంటే?”

“బావ అరుగు మీద కూర్చున్న వాళ్లకి ఎదురుగా కనపడేది ఎవరి కొట్టండీ?”

వాడు తల గోక్కున్నాడు. గోక్కున్నాడంటే ఒప్పుకున్నాడనే. మర్నాడు పొద్దున్నే నా బిందెలు సగం లోపలికి, వాడి ర్యాకులు అరుగు మీదికి చేరాయి. సెల్‌ఫోన్లతను వస్తే గది లేదన్నాను. ఇంకొంచెం పెంచుతానన్నాడు. గదే లేనప్పుడు పెంచేదేంటయ్యా అన్నాను. సాయంత్రానికి అరుగు నిండా పిల్లలు, బల్ల నిండా తల్లులు. షబ్నం క్యారేజీలు దింపి చూపించలేక చస్తోంది.

ప్రేమకుమారి గారు కొట్లోకి వచ్చారు. థాంక్సు చెబుతారనుకున్నాను.

“బాషా గారూ, రేపల్లె గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు ఇప్పటికీ తాళం వేసిన బీరువాలోనే ఉన్నాయండి. అక్కడి బజార్లో మీకు తెలిసిన కొట్టు వాళ్లెవరైనా ఉన్నారా?”

“మా తమ్ముడి వియ్యంకుడు ఉన్నాడమ్మా. గాజుల కొట్టు. పక్కన గది కూడా ఉంది. కానీ మహా గట్టివాడు, పైసా లాభం లేనిదే పక్కకు జరగడు.”

“అలాంటివారే కావాలండి!” అంటూ ఆవిడ పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకున్నారు. “పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?”