చెరువు పొడి

వీరాస్వామి కాలు మోకాలి పైదాకా తీసేయాలన్నారు. రాజమండ్రి ఆసుపత్రి వరండాలో ఆ మాట విన్న అతని పెళ్ళాం పాపాయికి ఏడుపు రాలేదు.

ఎంతపని చేసిందండీ ఒక్క రొయ్య! రొయ్యకు లేదా బారెడు మీసమని వెక్కిరిస్తాం గానీ, దాని కొమ్ము సంగతి చెరువులో దిగినవాళ్ళకే తెలుసు. ద్రాక్షారామం అవతల రొయ్యల చెరువు మీద వీరాస్వామి కాపలా. కొమ్ము పాదంలో దిగితే అక్కడ అందరూ చేసేదే ఆలుమగలూ చేశారు. రొయ్యలకు తెగులొస్తే మేతలో కలిపే పొడి ఉంటుంది కదా, అది పుండు మీద చల్లి, ఓ చిటికెడు మజ్జిగలో వేసి తాగించింది పాపాయి. సలుపు తగ్గగానే మానేయడం, తిరగబెట్టగానే మళ్ళీ చిటికెడు. చెరువు చెరువునే బతికించింది, మనిషినొక్కణ్ణి బతికించదా అని ధీమా!

డాక్టరు రమ్యశ్రీగారు కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు.

“పుండులో ఉన్న క్రిములకు రెండు గోడలుంటాయమ్మా. లోపలి గోడలో ఓ పంపు, బయటి గోడలో ఓ గొట్టం, రెంటినీ కలిపి బిగించే ముక్క మధ్యలో. మూడూ కలిశాయంటే, లోపలికెళ్ళిన మందును వెళ్ళినట్టే బయటికి తోడేస్తాయి. మీ చెరువు పొడిలో ఉన్నదీ ఇలాంటి మందే; అది చాలీచాలకుండా పడేసరికి పంపులు తక్కువున్న క్రిములు చచ్చాయి, ఎక్కువున్నవి బతికి పెరిగాయి. ఇప్పుడు మేమేది ఎక్కించినా నిలవట్లేదు.”

“మా చెరువులో నీళ్ళు తోడే ఇంజను లాగేనాండి?”

“ఆఁ, అలాగే.”

“మరి ఆ మధ్య ముక్క ఊడగొట్టే మందు లేదాండి?”

“వెతుకుతున్నారమ్మా. ఇంకా మన చేతికి రాలేదు.”

“ఆయ్” అంది పాపాయి. ఆపరేషను కాగితం మీద వేలిముద్ర వేయమన్నచోట వేసింది.

వార్డులో వీరాస్వామి మెలకువగానే ఉన్నాడు. జ్వరానికి పెదాలు పగిలిపోయాయి.

“ఏమే, పొడి తెమ్మన్నాను, తెచ్చావా? ఈళ్ళ మందులు పనిచెయ్యట్లేదే. ఓ చిటికెడు వేసుకుంటే కాలు దక్కుద్ది.”

పొద్దున్న ఇంటికెళ్ళినప్పుడే తెచ్చింది. పొట్లం రొంటినే ఉంది, కూర్చుంటే గుచ్చుకుంటోంది.

“అయిపోయిందయ్యా.”

“అదేంటే, డబ్బా నిండా ఉండాలిగా?”

“అంతా నీకే పోశాను” అంది పాపాయి, దుప్పటి ఆ కాలి మీదికి లాగుతూ.