సుడులు లెక్కగట్టిన కంప్యూటర్ని

నేను ఒక కంప్యూటర్ని. ఇళ్లలో పాటలు వినిపించే రకాన్ని కాదు. హైదరాబాదు శివారులోని ఒక పరిశోధన సంస్థలో, నీళ్లూ గాలీ ఎలా సుడులు తిరుగుతాయో లెక్కగట్టడానికి విడిభాగాలు తెచ్చి బిగించినదాన్ని. ప్రవాహాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి నాకు అప్పజెబుతారు. ఒక్కో గడిలో వేగమెంతో, ఒత్తిడెంతో నేను రోజుల తరబడి గొణుగుతూ తేలుస్తాను. గాలి కదలిక తెలుసుకోవడానికి మనుషులు కిటికీలు మూసుకుని కదలకుండా కూర్చోవడం నాకు ఇప్పటికీ వింతే.

నా ముందు మొదట కూర్చున్నవాడు రత్నాకర్. అతని కొలువుని పోస్ట్‌డాక్ అంటారు. డాక్టరేటు వచ్చి, స్థిరమైన ఉద్యోగం రాని వాళ్లకు గడువు పెట్టి ఇచ్చే చోటు అది. విద్యార్థులు సార్ అని పక్కకు తప్పుకుంటారు, ప్రొఫెసర్లు కుర్రాడని వదిలేస్తారు. టీకి ఎవరూ పిలవరు. గొట్టం లోపలి గోడకు సన్నని గాడులు చెక్కితే నీటికి ఒరిపిడి బాగా తగ్గుతుందని అతను నాచేత తేల్పించాడు. ప్రొఫెసర్ నరహరిగారు సంబరపడి, దాని మీదే పెద్ద ప్రాజెక్టు తెచ్చుకున్నారు. రత్నాకర్ గడువు మాత్రం అయిపోయింది. చీరాల వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాడు.

ఆ చోటులోకి బొబ్బిలి అమ్మాయి హైమ వచ్చింది. ఆమె భర్త ఇంకో రాష్ట్రంలో ఇలాంటి కొలువులోనే ఉన్నాడు. చలికాలం పొద్దున్నే వచ్చి, నా వెనక నుంచి వచ్చే వెచ్చని గాలికి చేతులు కాచుకునేది. “ఏటి, ఇంకా అవ్వలేదా?” అని నన్నడిగేది. కొన్ని రోజుల్లో ఆమె పైకి మాట్లాడిన మాట అదొక్కటే.

లెక్క ఇంకా కచ్చితంగా రావాలని హైమ గళ్లను మరింత చిన్నవి చేసి రత్నాకర్ పాత లెక్కను మళ్లీ నడిపించింది. ఒరిపిడి తగ్గలేదు. తనదే పొరపాటనుకుని మొదటి నుంచీ సరిచూసుకుంది. మళ్లీ అంతే. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యలేదు. సాయంత్రం, ఎన్నడూ చూడని రత్నాకర్‌కి ఫోన్ చేసింది.

“అన్నా, మీ లెక్క నిలబడట్లేదు.”

“నాకూ అనుమానం ఉండేదమ్మా,” అన్నాడు రత్నాకర్. “సన్నటి గళ్లతో మళ్లీ నడిపించేలోపు గడువైపోయింది. ఎవరూ అడగలేదు. నువ్వు చెప్పెయ్. నా పేరు దాచొద్దు.”

మర్నాడు హైమ పిలిస్తే నరహరిగారు వచ్చి నా తెరవంక చూస్తూ నిలబడిపోయారు.

“ప్రాజెక్టు సమీక్ష వచ్చే వారమే కదమ్మా. అదయ్యాక చూద్దాం.”

“సమీక్ష గట్టెక్కితే నన్ను ఇంకొన్నాళ్లు ఉంచుతారు సార్. అప్పుడు నోరు విప్పడం నాకు ఇంకా కష్టమైపోద్ది.”

ఆయన తెర మీది అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లిపోయారు. సమీక్షలో మాత్రం ఆయనే లేచి ఫలితం తప్పని చెప్పారు. ప్రాజెక్టు ఆగింది. దాంతోపాటే హైమ కొలువూ నెలాఖరుకి పోతుందని తేలింది. పొగడకపోతే పోయె, తిట్టినవాళ్లూ లేరు. వసారాలో ఎదురుపడినవాళ్లు ఫోన్లు చూసుకుంటూ నడిచిపోయారు.

పరిశోధన పత్రికలో అప్పటికే అచ్చయిన రత్నాకర్ ఫలితానికి సవరణ రాయాలి. ఫోన్లో అయిపోయే పనే. అయినా రత్నాకర్ ఆదివారం రైలెక్కి వచ్చాడు. ఇద్దరూ నా ముందు పక్కపక్కన కూర్చుని, రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. తప్పు తనదని అతను రాసిన వాక్యాన్ని హైమ మెత్తబరచబోతే, “అలాగే ఉండనీ,” అన్నాడు.

పని అయ్యాక అడిగాడు: “ఈ గదిలో నీకెలా ఉండేదమ్మా?”

హైమ కుర్చీ అతనివైపు తిప్పుకుంది. “ఎవరైనా ఆ మాట అడుగుతారేమోనని చూసేదాన్నన్నా.”

“నేనూ అంతే.”

ఆ తర్వాత కొన్నాళ్లకు నన్ను తుడిచి, ఖాళీ చేసి, స్టోరు గదిలో పెట్టారు. నేను తేల్చిన సుడుల్లో ఒక్కటీ నాలో మిగల్లేదు. ఆ ఆదివారం మాత్రం ఉండిపోయింది. ఆ సాయంత్రం పని ముగించి హైమ నన్ను ఆపేసింది. నా గొణుగుడు ఆగాక, వాళ్లిద్దరూ కబుర్లాడుకుంటూ మెట్లు దిగడం కింది అంతస్తు దాకా వినిపించింది.